పద్యలక్షణం వచ్చు, పద్యం రాదు



ఉత్పలమాలకు గణాలేవని అడిగితే భ-ర-న-భ-భ-ర-వ అని తడుముకోకుండా చెప్పగల తెలుగు ఎం.ఏ.లకు మనకు కొదువ లేదు. పదవ అక్షరం యతిస్థానమనీ, ప్రాసనియమం కలదనీ కూడా వారు చెప్పగలరు. "నాయనా, మీ ఊరి చెరువు మీద ఒక ఉత్పలమాల చెప్పు" అంటే మాత్రం నేలచూపులు చూస్తారు. ఉత్పలమాల మాట అటుంచండి, ఆటవెలది చెప్పమన్నా అంతే. ఇందుకు ఆ పిల్లలను నిందించడం అన్యాయం. రెండేళ్లు కూర్చోబెట్టి, వారి చేత స్వయంగా ఒక్క పద్యమైనా, ఒక్క గేయమైనా రాయించకుండా పట్టా చేతికిచ్చి పంపే చదువును నిందించాలి.

సంగీతంలో ఎం.ఏ. చేసే విద్యార్థి పరీక్షకుల ఎదుట పాడవలసిందే. కల్యాణి రాగలక్షణాన్ని పది పుటలు రాసి, గొంతు విప్పకుండా ఉత్తీర్ణుడవుతానంటే ఎవరూ ఒప్పుకోరు. నాట్యం చదివినవారు ఆడి చూపాలి, శిల్పం చదివినవారు ఉలి పట్టాలి. కవిత్వం చదివినవారికి మాత్రం ఆ బాధ్యత లేదట! వారు కవిత్వాన్ని గురించి రాస్తే చాలునట. ఈ విడ్డూరాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడమే నాకు ఆశ్చర్యం.

ప్రశ్నిస్తే వచ్చే సమాధానం నాకు తెలుసు. "మాస్టారూ, కవిత్వం పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు" అంటారు. ఈ మాట అనేవారు మన అలంకారికులను చదివి అంటున్నారా? మమ్మటుడు కావ్యప్రకాశంలో శక్తితో పాటు నిపుణతను, కావ్యజ్ఞుల వద్ద చేసే అభ్యాసాన్ని కూడా కావ్యహేతువులో చేర్చాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి దినచర్యనే విధించాడు. పగటి నాలుగు జాముల్లో మొదటిది విద్యాభ్యాసానికి, రెండవది రచనకు, మూడవది కావ్యగోష్ఠికి. నాలుగవ జామున, పొద్దుట రాసినదాన్ని ఒంటరిగానో కొద్దిమంది ఆప్తులతోనో కూర్చుని పరీక్షించుకోవాలి. వెయ్యేళ్ల నాటి ఈ ఏర్పాటు మన కళాశాలల కాలపట్టిక కంటే మేలుగా లేదూ?

ఇక 11వ శతాబ్దంలో కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కవికంఠాభరణమని ఒక చిన్న గ్రంథమే రాశాడు. శిష్యులు మూడు రకాలని అతడంటాడు. కొద్ది ప్రయత్నంతో కవులయ్యేవారు, కష్టం మీద అయ్యేవారు, ఎంత చేసినా కానివారు. మూడవవారు ఉన్నారని ఒప్పుకొన్నవాడే మొదటి ఇద్దరి కోసం పాఠం చెప్పాడు. అర్థం సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు వృత్తపు నడక నాలుకకు పట్టేలా పదాలు పేర్చమన్నాడు. మనవారు ఆ మూడవ కోవను చూపించి తక్కిన రెండింటికీ తలుపులు మూశారు.

పూర్వం రాజుల కొలువులే ఈ పని చేసేవి. తంజావూరు నాయకుల సభలో పాలకులు స్వయంగా రాశారు, స్త్రీలు కావ్యాలు రచించారు. విజయరాఘవ నాయకుని కాలంలో రంగాజమ్మ మన్నారుదాసవిలాసం రచించినది ఆంధ్రదేశంలో కాదు, తమిళదేశం నడుబొడ్డున! విన్నవారు మెచ్చుకొనేవారు, తప్పులెన్నేవారు. ఆ కొలువులు ఏనాడో పోయాయి. ఆ స్థానంలో నిలువగలిగినది నేడు విశ్వవిద్యాలయం ఒక్కటే.

ఆంధ్ర, తెలంగాణలలో ఈ లోటు కొంత కప్పబడుతుంది. అక్కడ అవధానాలు జరుగుతాయి, కవిసమ్మేళనాలు ఉంటాయి, పత్రికలు ఉంటాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పిల్లవానికి ఏమున్నాయి? 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన బడులలో తెలుగు ప్రథమభాష స్థానాన్ని కోల్పోయింది. అన్ని అడ్డంకులూ దాటి తెలుగు ఎం.ఏ. దాకా పోయేవారు ఏ కొద్దిమందో. ఆ కొద్దిమందికీ లక్షణాలు వల్లె వేయించి పంపితే, రేపు వారే మన బడికి తెలుగు అయ్యవారలై, అమ్మవారలై వస్తారు. తాము ఎన్నడూ చేయని పనిని పిల్లలకు ఎలా నేర్పుతారు?

నా పూర్వ విద్యార్థిని ఒకామె, రాగిచేను కోతల మీద ఇంటి తెలుగులో ఒక కవిత రాసుకొని తన ఆచార్యునికి చూపింది. ఆయన ఇంటి మాటలన్నిటికీ ఎర్ర సిరాతో సున్నలు చుట్టి తిరిగి ఇచ్చారు. నడక ఎక్కడ కుంటిందో, ఏ పాదం అనవసరమో, ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పిల్ల మళ్లీ ఎవరికీ ఏదీ చూపలేదు. సున్నలు చుట్టడం కవితాశిక్షణ కాదు. మన మాటలు అచ్చుకెక్కదగినవి కావనేవారు స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు చదవాలి. కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు ఇంటివాడైన కి. రాజనారాయణన్ తన రచనంతా తమిళంలో సాగించి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకొన్నాడు. అది ఆయన ఇష్టం, తమిళుల భాగ్యం. మన పిల్లలకు ఆ ఎన్నిక చేసుకొనే వీలైనా ఉండవద్దా?

నేను కోరేది గొంతెమ్మ కోరిక కాదు. ఎం.ఏ. రెండవ ఏడాదిలో ఒక పూర్తి పత్రాన్ని కవితారచనకు కేటాయించండి. ద్విపదతో మొదలుపెట్టండి. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండు వారాలలో చెవికి పట్టుబడుతుంది. ఆపైన మాత్రాఛందస్సుకు, వచన కవితకు పోవచ్చు. వచన కవితకు శిక్షణ అక్కర లేదనుకోవడం మరొక భ్రమ. గణాల ఆసరా లేనిచోట పాదం ఎక్కడ విరగాలో తెలియడానికి మరింత సాధన కావాలి. వారానికొక రచన, తోటివారి ఎదుట చదవడం, విమర్శ విని తిరగరాయడం. మన పిల్లలకు రెండు భాషలు వచ్చు కనుక తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ కవితలను తెలుగు చేయించండి. ఇది హైదరాబాదు పిల్లవానికి సులభంగా దొరకని సౌకర్యం. మూడు గంటల పరీక్ష వద్దు. ఏడాది పొడుగునా దిద్దుకొన్న నోటుపుస్తకాన్ని, కొట్టివేతలతో సహా, చూసి మార్కులు వేయండి.

"ఇది కూడు పెడుతుందా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగవలసిందే. తెలుగు ఎం.ఏ. చేసినవానికి ఇప్పుడున్న చదువు మాత్రం ఏపాటి కూడు పెడుతున్నది? పాటలకు, ప్రకటనలకు, అనువాదాలకు, పాఠ్యపుస్తకాలకు మాటను తూచి వాడగలవారు కావాలి. ఆ పని లక్షణాలు వల్లించినవారి వల్ల కాదు.

వేసవిలో మీ బిడ్డను ఎం.ఏ.లో చేర్పించడానికి వెళ్లినప్పుడు శాఖాధ్యక్షుని ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, ఈ రెండేళ్లలో మా అమ్మాయి చేత ఎన్ని పద్యాలు రాయిస్తారు?" ఆయన ఏమన్నదీ నాకు రాసి పంపండి.