కంపాసుగీతలో చిక్కిన కాపురములు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నెనుబదినాలుగు గ్రామములున్నవి. మొయినాబాదు, శంషాబాదు, చేవెళ్ల, శంకర్‌పల్లి, రాజేంద్రనగరము మొదలగు మండలములలోని యీ గ్రామములవారికి ఇల్లు కట్టుకొనుట యనునది మూడు దశాబ్దులుగా నొక వ్యాజ్యమై కూర్చున్నది. వారు చేసిన నేరమేమి? 1996 మార్చి 8వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 111వ నెంబరు ఉత్తరువును పుట్టించి, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల నిండు నీటిమట్టము మొదలుకొని 10 కిలోమీటర్ల మేర గీత గీచిరి. ఆ గీతకు లోపల తాతముత్తాతల నాటినుండి కాపురముండుటయే వారి నేరము.

మేము చెరువులకు శత్రువులము కాము. ఈ మాట ముందుగనే చెప్పవలసివచ్చుచున్నది. ఏలయన, గృహస్థుని పక్షమున నోరు విప్పినవానిని చెరువు మ్రింగువారి జట్టులో గలిపివేయుట నేటి మర్యాదయైనది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమున వేలకొలది ప్రాణములను బలిగొనగా, విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. నగరమునకు దాహము దీర్చుట వాని రెండవ పని; వరద నాపుట మొదటి పని. అట్టి జలాశయములను కాపాడవలదని బుద్ధిగలవా డెవ్వడును అనడు. మా వాదము కాపాడిన తీరును గూర్చి.

ఆ యుత్తరువు చెప్పిన దేమి? కాలుష్యము పుట్టించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాసపు కాలనీలు కూడవనెను. క్రొత్తగా లేఔటు వేసినచో నూటికి అరువది వంతులు బాటలకును, ఖాళీ స్థలమునకును విడువవలెననెను. అనగా ఎకరమునకు 4,840 గజములుండ, ఇండ్ల స్థలములకు మిగులునవి 1,936 గజములు మాత్రమే. ఊరి నివాసభాగములో సైతము స్థలములో సగము విస్తీర్ణమునకు మించి అన్ని అంతస్తులును గలిపి కట్టరాదనెను. రెండువందల గజముల జాగా గలవాడు అంతయు గలిపి 900 చదరపు టడుగులు కట్టుకొనవచ్చును. వానికి ఇద్దరు కొడుకులు పెండ్లీడుకు వచ్చిరనుకొందము. పెద్దవానికి గది యున్నది. చిన్నవానికి?

ఈ ప్రశ్న మా కల్పన గాదు. ఆ గ్రామములలో నొకదానినుండి యొక వృద్ధ రైతు కాగితముల మూటతో మా గదికి వచ్చి, "వకీలు సాబ్, నా జాగల నేను అర్ర గట్టుకుంటే తప్పంటున్నరు. ఆ గీత యాడున్నదో జర చూపియ్యున్రి" అని యడిగెను. మేము పటము తెచ్చి పరచితిమి. అది ఆంగ్లములో నున్నది. అందు వాని సర్వే నెంబరు లేదు. న్యాయవాదవృత్తిలో మేము పెక్కు ప్రశ్నలకు తడబడితిమి గాని, ఇంతగా సిగ్గుపడిన దినము లేదు.

గీత సంగతి కొంత విచారింతము. ఉస్మాన్‌సాగరునకు నీరు చేర్చు భూమి సుమారు 738 చదరపు కిలోమీటర్లు; హిమాయత్‌సాగరునకు సుమారు 1,300. రెండును గలిసి రెండువేలకు పైచిలుకు. ఉత్తరువులో జిక్కిన భూమియో, 1 లక్ష 32 వేల యెకరములు, అనగా సుమారు 534 చదరపు కిలోమీటర్లు. నీటిని పంపు నేలలో నాలుగవ వంతునకు మాత్రమే కాపుదల! తక్కిన మూడు వంతులలోని వాగులు, ఒఱ్ఱెలు, కుంటలు ఏమైన నేమి, వాని నీరును ఆ చెరువులకే గదా చేరవలసినది? మఱియొక వింత. వృత్తము వృత్తమే గనుక అది కట్టకు దిగువను గూడ తిరిగి వచ్చును. అచ్చట గురిసిన వాన చెరువులోనికి పోదు, పల్లమునకు పోవును. నీరు పల్లమెఱుగు ననుట పసిబిడ్డకును దెలిసినదే, సచివాలయములోని కంపాసునకు మాత్రము తెలియలేదు.

పోనీ, గీత యందఱికిని ఒక్కటియే యయ్యెనా? ఉత్తరువు పుట్టి రెండేండ్లయిన నిండకమునుపే, 1997లో, ప్రభుత్వమువారే యొక పరిశ్రమకు దానినుండి మినహాయింపు నిచ్చిరి. ఆ సంగతి సుప్రీముకోర్టువరకు బోగా, ప్రొఫెసర్ నాయుడుగారి వ్యాజ్యము అను పేర ప్రసిద్ధమైన తీర్పులో, 2000 డిసెంబరులో, అట్టి మినహాయింపు చెల్లదని న్యాయస్థానము త్రోసివేసినది. ఆ తీర్పును మేము శిరసావహించుచున్నాము. కాని నేడు ఆ వలయములోనికి బోయి చూచినవారికి గానవచ్చున దేమి? ఎత్తైన గోడల వెనుక ఫారంహౌసులు, పెండ్లి మంటపములు, ఈతకొలనులు. వ్యవసాయక్షేత్రమను పేరుపెట్టిన భవనమునకు దారి దొరకినది. పశువులపాకను పడగొట్టి రెండు గదులు వేసికొనువానికి నోటీసు దొరకినది.

ఇంత జరిగిన పిమ్మట 2022 ఏప్రిలు 12వ తేదీన తెలంగాణ ప్రభుత్వమువారు 69వ నెంబరు ఉత్తరువుచే పాత యాంక్షలను తొలగించితిమనిరి, చెరువుల నీరు చెడకుండ చూడవలెనను షరతుతో. కారణము? నగరము త్రాగు నీటిలో ఈ రెండింటి వాటా నూటికి 1.25 వంతునకు లోబడినదట! కృష్ణ, గోదావరి, మంజీర నగరమునకు వచ్చినవి నిజమే. అయితే వరద మాట మఱచిరా? 2025 సెప్టెంబరులో జంట జలాశయముల తూములు తెరువగా మహాత్మాగాంధీ బస్సుస్టేషను జలమయమైనది. 1908 నాటి కారణము చావలేదు. మఱల 2023 మే 18వ తేదీన మంత్రివర్గము 111ను పూర్తిగా రద్దు చేయ నిశ్చయించినట్లు ప్రకటించిరి. శాసనసభ యెన్నికలు అదే నవంబరులో జరిగినవి. తిథివారముల పొందికను పాఠకులే గమనింతురు గాక.

మంత్రివర్గ నిర్ణయమును వార్తాపత్రికలో జదివి చేతబట్టుకొని పోయినవానికి ప్లాను మంజూరు కాదు. ఆఫీసులో గుమాస్తాకు కావలసినది ఉత్తరువు, నియమావళి, పటము. కాని భూమి వ్యాపారికి ప్రకటనయే చాలును. ప్రకటన వెలువడిన నాటినుండి ధర పెరుగును. కూతురి నగలమ్మి గజములు కొనిన చిన్న యుద్యోగి, గీత చెరిగినదని నమ్మి కొనును. గీత చెరుగలేదని వానికి తెలియునప్పటికి అమ్మినవాడు కానరాడు. "ధర పెరిగినది గదా, ఈ యేడ్పేల?" అని కొందఱు మిత్రులు మమ్ము నడుగుచున్నారు. ధర అమ్ముకొనువానికి లాభము. అమ్మదలపక, పుట్టిన యూరనే యుండదలచినవానికి పెరిగిన ధర యేమి కూడు పెట్టును?

ఇది యీ యెనుబదినాలుగు గ్రామముల గొడవ మాత్రమే కాదు. 7,257 చదరపు కిలోమీటర్ల హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిని 2025 మార్చిలో 10,472 చదరపు కిలోమీటర్లకు పెంచిరి. అదే తరుణమున రంగారెడ్డి జిల్లాలో 56 గ్రామములతో భవిష్యన్నగర సంస్థను వేఱుగా నిలిపిరి. నిన్న పంచాయతి కార్యదర్శి యొద్దకు పోయిన గృహస్థుడు రేపు ఎవరి గడప త్రొక్కవలయునో, నిన్న కట్టిన రుసుము నేడు చెల్లునో చెల్లదో, గీత మార్చిన దొరలు వానియింటికి వచ్చి చెప్పిరా? వేలమంది బ్రదుకులను మార్చు గీతను దండోరా లేక మార్చుట ఏ న్యాయము?

మేము కోరునవి గొప్ప కోరికలు కావు. జలాశయములకు నీరు చేర్చు భూమిని వాగువాగున కొలిపించి, కంపాసునకు మారుగా నేలవాలును బట్టి హద్దు నిర్ణయింపుడు. ఆ హద్దు ఇప్పటి గీతకంటె విశాలమైనను మేము సమ్మతింతుము. సర్వే నెంబర్లతో తెలుగున, ఉర్దూలోను పటము వ్రాయించి ప్రతి పంచాయతి గోడకు అంటింపుడు; ఆక్షేపణలకు గడువిచ్చి, గ్రామములోనే కూర్చుండి వినుడు. హద్దులోపల చిక్కినవానికి పరిహారమైన నిండు, లేదా వెలుపల కట్టుకొను హక్కునైన నిండు. స్వగ్రామమున స్వంత కాపురమునకు కట్టుకొను చిన్న యింటికి, మురుగునీటి యేర్పాటు చేసికొన్న షరతుపై, పరిమితిని సడలింపుడు. ఫారంహౌసు గోడలకు మాత్రము సడలింపు వలదు. ఇట్లు నిర్ణయించిన గీతను ఎన్నికలకొకసారి చెరిపి వ్రాయుట మానుడు.

ఆ వృద్ధుడు తన కాగితముల మూటను మా బల్లపైననే విడిచిపోయెను. పటము వచ్చిననాడు కబురు పంపుమనెను.