తెల్లవారుజామున మొరాయించు పాతకారు

ఎమ్మిగనూరునుండి యొక సోదరి యిట్లు వ్రాసినారు: “మా యింట పాత అంబాసిడరు పెట్రోలు కారు కలదు. ఒకసారి కదలినచో పగలంతయు చక్కగా నడచును. వేకువను మాత్రము తాళపుచెవి యెంత త్రిప్పినను ఇంజను మేల్కొనదు. మా అత్తగారిని నెలకు రెండుమార్లు తెల్లవారకమునుపే ఆదోని వైద్యశాలకు తీసికొనిపోవలసియున్నది. ఆ దినములందు పిల్లలతోసహా ఇంటిల్లపాదియు బండిని త్రోయవలసివచ్చుచున్నది. ఇది చలివలన కలుగు దోషమనియు, కార్బురేటరును మొత్తము మార్చవలయుననియు మెకానిక్కు చెప్పినాడు. మార్పింపవచ్చునా?”

సోదరీ, తొందరపడి మార్పింపవలదు. ముందు పరీక్షింపుడు. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలలందును మంచు గడ్డకట్టదు. అంతకు మిక్కిలి చలిగల దేశములందు కార్బురేటరు బండ్లు దశాబ్దములపాటు నడచినవి. మన వేకువచలికే బండి మొరాయించినచో, చలి దోషమును బయటపెట్టినదేగాని పుట్టించినది కాదు. ఇక పగలు చక్కగా నడచుచున్నదని మీరు వ్రాసినమాట మిక్కిలి విలువగలది. కార్బురేటరులోని ముఖ్యమైన దారులు పూడియుండినచో పగటినడకయు చెడియుండును. కావున దోషము వేకువకు మాత్రమే సంబంధించిన భాగములలో వెదకదగినది.

పెట్రోలు ద్రవరూపమున మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండును. పూర్వము మన వంటయిండ్ల వాడిన పంపు స్టవ్వును తలచుకొనుడు. గిన్నెలో స్పిరిటు వెలిగించి బర్నరును కాచక పంపు కొట్టినచో, కిరోసిను ఆవిరికాక పొగయు, ఎఱ్ఱమంటయు లేచెడివి. ఇంజనునకట్టి స్పిరిటుగిన్నె లేదు. వెచ్చబడిన ఇంజనునకు తూకమున ఒకపాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్లు గాలి సరిపోవును. చల్లని ఇంజనులో పెట్రోలు కొంత ఆవిరికాక గోడల కంటుకొనును గాన, ఎక్కువ పెట్రోలు కావలసివచ్చును. ఆ యెక్కువ నిచ్చునదే చోకు.

ఇక పరీక్షలు. వీనిని చెప్పిన వరుసనే చేయవలయును.

మొదట చెవితో వినుడు. తాళము త్రిప్పినప్పుడు స్టార్టరు చురుకుగా తిరుగుచున్నదా, ఈడ్చుకొని తిరుగుచున్నదా? ముందుదీపములు వెలిగించి తాళము త్రిప్పుడు. అవి మిక్కిలి మందగించినచో బ్యాటరీ బలహీనమైనను, దాని కొనలు మురికిపట్టినను కావచ్చును. తెల్లగనో పచ్చగనో పేరుకొనిన పొక్కును వేడినీట కలిపిన వంటసోడాతో కడిగింపుడు. చట్రమునకు బిగించిన తీగను ముందు విప్పి, తిరిగి బిగించునపుడు చివర బిగింపవలయును. రాత్రి నిలిచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినదనిన దాదాపు వట్టిపోయినట్లే. తక్కువైనచో శుద్ధజలమునే పోయవలయునుగాని బావినీరు పోయరాదు.

స్టార్టరు చురుకుగా తిరిగినను ఇంజను పలుకనిచో చోకును చూడుడు. గాలి వడపోత మూత తీయించి, ఒకరు చోకు పిడిని లాగుచుండగా మరియొకరు లోనికి చూడవలయును. కొన్ని కార్బురేటరులలో ఒక రేకు నోటిని పూర్తిగా మూయును. తీగ సాగియో జారియో యున్నచో, పిడి వచ్చినను రేకు సగమే మూయును. ఎస్.యు. జాతిలో రేకుండదు, క్రింది జెట్టు దిగవలయును. ఈ తీగను సరిచేయుట కొన్ని నిమిషముల పని. దీనిని చూడకయే కార్బురేటరు మార్చుట, వత్తి యెగద్రోయక దీపమును పారవేయుట వంటిది.

మూడవది పెట్రోలు రాక. మన యెండలకు వేడెక్కిన ఇంజను ఆగినపిదప, కార్బురేటరులోని చిన్నగిన్నె పెట్రోలు కొంత ఆవిరియగును. పంపు కవాటము చెడినను, గొట్టము బీటవారినను గొట్టములోని పెట్రోలు రాత్రివేళ టాంకిలోనికి జారిపోవును. అట్టి బండి చాలసేపు త్రిప్పినపిదప మాత్రమే అందుకొనును. స్టార్టరును ఒకమారు 10 సెకండ్లకు మించి త్రిప్పక, నడుమ అరనిమిషము విశ్రాంతి నీయవలయును. పెట్రోలువాసన గుప్పుమని కొట్టినచో రాక తక్కువకాదు, ఎక్కువైనది. అప్పుడు చోకును లోనికి నెట్టి, పది నిమిషములాగి, యాక్సిలరేటరును పూర్తిగా అదిమిపట్టి, పలుమార్లు తొక్కక త్రిప్పవలయును.

నాలుగవది ప్లగ్గు. మెకానిక్కుచేత మీ యెదుట విప్పింపుడు. లేతగోధుమరంగు ఆరోగ్యలక్షణము. పొడిమసి పెట్రోలు మిక్కుటమైనదని తెలుపును. పెట్రోలుతో తడిసియున్నచో నిప్పురవ్వ బలహీనమై యుండవచ్చును. పాయింట్లు, కండెన్సరు, తీగలు చూడదగినవి. నూనెతో తడిసియున్నచో ఇంజను అరిగినదేమో విచారింపవలయును.

మన ప్రాంతమునకు తగిన మాటలు రెండు కలవు. ఆదోని ప్రత్తిమిల్లులకు పేరుపొందిన యూరు. మిల్లులచెంత తిరుగు బండ్ల గాలి వడపోతలో దూదిపోగులును, నల్లరేగడిధూళియు చేరును. అది పూడినచో గాలి తగ్గి, చోకు లాగక లాగినట్లే యగును. ఇంజను పెట్రోలులో మునుగును. కావున దానిని తఱచు దులిపించి, కాలము తీరగానే మార్పింపుడు. రెండవది ఇంధనము. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాపించినది. ఇథనాలు ఆవిరియగుటకు ఎక్కువ వేడిమి కోరును, నీటిని పీల్చును, పాత రబ్బరుగొట్టములను చెఱచును. 2014లో నిర్మాణమాగిన అంబాసిడరునకును, మొదటి మారుతి 800లకును ఈ మిశ్రమము ఉద్దేశింపబడలేదు. ఇథనాలునకు తాళగల గొట్టములు వేయించి, బండిని నెలలతరబడి కదపక నిలుపకుండుట మేలు.

ఇక ప్రాణములకు సంబంధించిన హెచ్చరికలు. కార్బురేటరు నోట పెట్రోలు పోసి బండిని లేపు వాడుక కలదు; ఇంజను వెనుకకు దగ్గినచో మంట పైకెగయును. ఆ పని చేయనీయకుడు. తలుపులు మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును, వాసనయు లేవు, అది నిద్రపుచ్చినట్లే చంపును. బండిని త్రోయువేళ పిల్లలను చక్రములచెంతకు రానీయరాదు. ఇంజను వెచ్చబడగానే చోకును లోనికి నెట్టవలయును. మఱచినచో పెట్రోలు వృథాయగుటయేగాక, సిలిండరు గోడల నూనె కడుగుకొనిపోవును.

ఒక వారముపాటు ప్రతి వేకువను చీటిమీద నాలుగుమాటలు వ్రాయుడు: స్టార్టరు ఎట్లు తిరిగినది, చోకు రేకు మూసికొన్నదా, పెట్రోలువాసన వచ్చినదా, ఎన్నవమారున కదలినది. ఆ చీటిని మెకానిక్కు చేతికిచ్చి, “దీనినిబట్టి చూడుము” అనుడు. మరమ్మతు జరిగినపిదప మరియొక వారము అట్లే వ్రాయుడు. రెండు చీటీలును ప్రక్కప్రక్కన నుంచినచో, ఇచ్చిన రూకలకు పని జరిగినదో లేదో ఎవరినీ అడుగ నక్కఱలేదు.