బీల నేర్పిన పాఠం

వాతావరణ విధానమంటే సచివాలయంలో పెద్దలు రాసుకునే కాగితమనుకుంటాం. నేనొప్పుకోను. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రాన్ని ఆపిందెవరు? బీలను నమ్ముకున్న రైతులూ, జాలర్లూ, వాళ్ల వెంట నిలిచిన పర్యావరణ సంఘాలూ. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆరోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతి రద్దు చేసింది. ఊరి పట్టుదలా, చట్టం తెలిసినవాళ్ల వాదనా కలిస్తేనే కాగితం మారింది.

మన కొడవలూరు వరిచేలకు కృష్ణపట్నం పొగగొట్టాలు మరీ దూరమేం కాదు. పొగ ఎక్కడ లేచినా వానల లెక్క తప్పేది రైతు చేలోనే. ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, మనకెందుకులే అనుకోక వెళ్దాం. నివేదిక చదివి, ప్రశ్నలు రాసిచ్చి, రసీదు పుచ్చుకుందాం.