యాత్రికులు - సరిహద్దులు

మోటారుసైకిలుపై దూరదేశములకు పోవుట సంపన్నుల బిడ్డల విలాసమనియు, ప్రాణములతో చెలగాటమనియు మన పెద్దలలో ననేకులు తలంచుచున్నారు. వారి భయమును మేము తేలికగా త్రోసిపుచ్చము. కాని స్వతంత్రదేశపు పౌరుడు తన బండిపై, తన వ్యయముతో, భూమార్గమున పరదేశములకు పోగలడా యను ప్రశ్న విలాసమునకు సంబంధించినది కాదు, రాజ్యమునకు సంబంధించినది. నేపాళ భూటానుల కావల అట్టి ప్రయాణము నేడు మిక్కిలి దుర్లభమైయున్నది.

యాత్ర తెలుగువారికి క్రొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో మరలివచ్చిరి. మజిలీ మజిలీకిని దారి యెట్టిదో, బస యెట్టిదో, అచటి జనుల నడవడి యెట్టిదో వ్రాసికొనిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్రచరిత్ర నేటికిని దేశచరిత్రకు ఆధారముగా నున్నది. పల్లకి పోయి రైలు వచ్చిన పిమ్మట ఆ దృష్టి సన్నగిల్లినది. రైలులో పోవువాడు స్టేషనులను జూచును. మోటారుసైకిలుపై పోవువాడు ఊళ్లను జూచును. ఎండ వానలు వానికి తప్పవు. టైరు పంచరైనచోట ఆగవలెను. ఆగినచోట సాయ మడుగవలెను. ఆదిలాబాదు దాటి నాగపురపు దారి పట్టిన యువకుడు మొదట తెలుగును, పిదప మరాఠీని, ఆపైన హిందీని వినుచు, దేశమనునది పటములోని గీత గాదని తనంత తానే గ్రహించును.

స్వదేశమున మన రాజ్యము రహదారుల విషయమున చేసిన కృషిని మేము మనసార ప్రశంసించుచున్నాము. 2020లో తెరచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగము మనాలి-లేహ్ మార్గమును సుగమము చేసినది. లడఖులోని ఉమ్లింగ్ లా కనుమపై 19,024 అడుగుల యెత్తున వేసిన రోడ్డు 2021లో ప్రపంచరికార్డుగా నమోదైనది. ఆకాశమునకు దారి వేసిన యీ రాజ్యము పొరుగుదేశములకు దారి సంపాదింపలేకుండుట విచారకరము.

పరాధీనభారతమున 1923లో బొంబాయినుండి పార్శీ యువకు లార్గురు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేరగా, వారిలో మువ్వురు ఇరాను, ఇరాకుల మీదుగా యూరపు చేరి, 1928 నాటికి యాత్ర ముగించి తిరిగివచ్చిరి. 1973లో లండను విడిచిన పత్రికారచయిత టెడ్ సైమన్ మోటారుసైకిలుపై ప్రపంచమును చుట్టి, భారతదేశమునుండి ఆఫ్ఘనిస్థాను, ఇరానుల మీదుగా 1977లో ఇల్లు చేరెను. 1979లో ఇరాను విప్లవమును, ఆఫ్ఘనిస్థానుపై సోవియటు దండయాత్రయు ఆ దారిని భగ్నము చేసినవి. 2025 ఏప్రిలులో అట్టారి ద్వారమును మన ప్రభుత్వమే మూసివేయవలసి వచ్చినది. తూర్పున 2018లో హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్లపై బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాములను చుట్టివచ్చిరి. 2021లో బర్మా సైన్యము అధికారమును హరించిన పిదప ఆ త్రోవయు నిరపాయము కాకపోయెను. బర్మా మీదుగా థాయిలాండునకు 2002లో తలపెట్టిన త్రిదేశరహదారి యింకను పూర్తి కాలేదు. బంగ్లాదేశము, భూటాను, నేపాళములతో 2015లో థింపూలో చేసికొన్న వాహనముల యొడంబడిక భూటాను ఆమోదము లేక కుంటుపడినది.

యుద్ధములును, సైనికుల దురంతములును మన చేతిలో లేవు. శత్రువునకు వాకిలి తెరువుమని మేము కోరము. కాని మన చేతిలోనున్న యడ్డంకి యొకటి గలదు. 1954 నాటి అంతర్జాతీయ సుంకపు టొడంబడిక ననుసరించి, ఇరాను, ఈజిప్టు, ఆస్ట్రేలియా మున్నగు దేశములకు బండిని గొనిపోవువాడు ‘కార్నె’ యను సుంకపు పూచీపత్రమును చూపవలెను. దానికై బండి విలువకు సమానముగనో, దేశమునుబట్టి అంతకు మించియో సొమ్ము ధరావతు గాని, బ్యాంకు హామీ గాని యీయవలెను. బండిని అమ్ముకొనక వెనుకకు దెచ్చునని నమ్మకము కలుగుటకే యింత తతంగము. ఫలిత మేమి? ధనికుడు పోవును, రెండెకరముల రైతు బిడ్డయు, బడిపంతులును ఇంట నిలుతురు. మనమును పరదేశపు యాత్రికులను ఇదే పత్రమడుగుచున్నాము గాన ఇతరుల నిందించుటకు మనకు హక్కు లేదు. నేపాళపు సరిహద్దున మన బండ్లకు దినమునకింత యని రుసుము గైకొని విడుచుచున్నారు. దానివలన ఆ రాజ్యమునకు వచ్చిన నష్టమేమియు కానరాదు. చిన్న వాహనముల విషయమున ధరావతునకు బదులు స్వల్పరుసుముతో భీమాపూచీని ఏర్పరచి, మిత్రరాజ్యములతో పరస్పరముగా కార్నెను మానుటకు మన ప్రభుత్వమే ముందడుగు వేయవలెను.

తలిదండ్రుల భయమునకు కారణము గలదు. 2022లో మనదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44మందికి పైగా ద్విచక్రవాహనములపై పోయినవారే. శిరస్త్రాణము 1988 నాటి చట్టము విధించినదే. పోలీసు కనబడినపుడు మాత్రమే దానిని ధరించువాడు యాత్ర కర్హుడు గాడు. రాత్రివేళ పోకుండుటయు, అలసినపుడు ఆగుటయు పిరికితనము గాదు. అంతియగాక, పోయినవాడు కొండల ముందు దిగిన ఛాయాచిత్రములతో తృప్తిపడరాదు. వీరాస్వామయ్యగారివలె చూచినది వ్రాయవలెను. ఆ ఊళ్లలో పంట యేమి, నీరెట్లు, కూలి యెంత, బడి గలదా యని విచారింపవలెను.

అట్టి యువకులను, యువతులను పంపు బాధ్యత గృహస్థులది; వారికి త్రోవ కల్పించు బాధ్యత ప్రభుత్వమువారిది. పరపాలనలో నున్నవారు దాటిన సరిహద్దులను స్వరాజ్యమున జన్మించినవారు దాటలేకుండుట మనకు గౌరవము కాదు. పాలకు లీ విషయమున శీఘ్రముగా శ్రద్ధ వహింతురు గాక!