బడికి మైదానం పిల్లల హక్కు



మన పేట పిల్లలు చదివే సర్కారు బడి మైదానంలో మూడు నెలలుగా ఇసుక కుప్పలు, కంకర, ఇనుప చువ్వలు పడి ఉన్నాయి. పది రోజుల్లో తీయిస్తామన్నారు, తీయించలేదు. పిల్లలు ఆడక మానరు గదా, రోడ్డెక్కారు. పోయిన నెలలో మన మగ్గం కార్మికుని కొడుకొకడు టెంపోకు అడ్డం పడబోయి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఈ సంగతి అడగడానికి వెళితే మాకు దొరికిన జవాబు ఇది: "చదువు చెబుతున్నాం, అన్నం పెడుతున్నాం. ఇక మీ పిల్లలకు ఆటలు కూడానా?"

ఆ "మీ పిల్లలకు" అన్న మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. ఫీజు కట్టి చదివే పిల్లలకు ఆట చదువులో భాగమట, మన పిల్లలకు మాత్రం అది అదనపు కోరికట! దీనికి జవాబుగా ఒక దూరదేశపు సర్కారు బడి కథ మీ ముందు పెడుతున్నాం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన లాంగ్ బీచ్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ 1895లో ఒక ప్రభుత్వ హైస్కూలు మొదలైంది. పేరు లాంగ్ బీచ్ పాలిటెక్నిక్. పేరు చూసి మన డిప్లొమా కాలేజీ అనుకోవద్దు, అది హైస్కూలే. దాదాపు నాలుగు వేల మంది చదివే పెద్ద బడి. నల్లవారు, తెల్లవారు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవారు, యుద్ధకాలంలో కాంబోడియా నుంచి పారిపోయి వచ్చినవారు, అందరి పిల్లలూ అక్కడే చదువుతారు. "పండితులకు, విజేతలకు పుట్టినిల్లు" అన్నది ఆ బడి నినాదం. పండితులను ముందు, విజేతలను తర్వాత చెప్పుకున్నారు చూడండి. ఆటలాడితే చదువు చెడుతుందనే వారికి ఆ నినాదంలోనే సమాధానం ఉంది.

అమెరికా ఫుట్‌బాల్ పెద్ద లీగుకు ఈ ఒక్క బడి నుంచే యాభై మందికి పైగా ఆటగాళ్లు వెళ్లారు. బేస్‌బాల్‌లో 3,141 హిట్లు కొట్టిన టోనీ గ్విన్ ఇక్కడి విద్యార్థే. 2005లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక దీన్ని శతాబ్దపు క్రీడా పాఠశాలగా ఎంచింది. డబ్బున్నవారి ప్రైవేటు బడులెన్నో ఉన్న దేశంలో ఆ గౌరవం ఒక సర్కారు బడికి దక్కింది.

కానీ మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది ఆ బడిలో చదివిన ఒక అమ్మాయి గురించి. ఆమె పేరు బిల్లీ జీన్ కింగ్. తండ్రి అగ్నిమాపక దళంలో ఉద్యోగి. టెన్నిస్ అంటే ఆ రోజుల్లో క్లబ్బుల్లో డబ్బున్నవారు ఆడే ఆట. ఈ పిల్ల ఇరుగుపొరుగు ఇళ్లలో చిన్నా చితకా పనులు చేసి, ఎనిమిది డాలర్లు కూడబెట్టి మొదటి రాకెట్టు కొనుక్కుంది. పట్టణ పార్కులోని కోర్టులో ఉచితంగా ఆట నేర్చుకుంది. నేర్పిన కోచ్ జీతం పట్టణ ప్రభుత్వానిది. 1955లో ఒక పోటీ దగ్గర పిల్లలందరినీ నిలబెట్టి ఫొటో తీస్తుంటే ఆమెను పక్కకు తప్పించారు. కారణం, అందరిలా టెన్నిస్ స్కర్టు కాకుండా తల్లి కుట్టిన నిక్కరు వేసుకుని రావడమే. గుడ్డ నేసే మనకు ఆ అవమానం వివరించి చెప్పనక్కరలేదు.

ఆ అమ్మాయే 1961లో పదిహేడేళ్లకే వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. అయినా కాలేజీలో ఆమెకు క్రీడా స్కాలర్‌షిప్ లేదు. ఆడపిల్లలకు ఇచ్చే ఆనవాయితీ అప్పట్లో లేదు. చదువుతూనే పనులు చేసుకుంది. 1968లో వింబుల్డన్ సింగిల్స్ గెలిస్తే ఆమె చేతికొచ్చింది 750 పౌండ్లు. మగ విజేతకు 2,000 పౌండ్లు. ఒకే కోర్టు, ఒకే చెమట, కూలి మాత్రం వేరు. ఈ లెక్క మన కండెలు చుట్టే అక్కచెల్లెళ్లకు బాగా తెలుసు.

1970లో తొమ్మిది మంది ఆడవాళ్లు, ఈమెతో సహా, తలా ఒక్క డాలరు ఒప్పందం మీద సంతకం పెట్టి పెద్దల టోర్నమెంట్లకు ఎదురు నిలిచారు. ఇక ఆడనివ్వమన్న బెదిరింపులకు లొంగలేదు. 1973లో క్రీడాకారిణుల సంఘం కట్టారు. ఆ సంవత్సరమే అమెరికా ఓపెన్‌లో ఆడవారికీ మగవారికీ సమాన బహుమతి వచ్చింది. వింబుల్డన్ ఒప్పుకోవడానికి 2007 దాకా పట్టింది. రాకెట్టు పట్టిన చేతులకైనా, నూలు పట్టిన చేతులకైనా సంఘమే బలం.

అక్కడ అంతా స్వర్గమని మేము చెప్పడం లేదు. ఆ రాష్ట్రంలోనూ నిధులు తెగ్గోసిన రోజులున్నాయి. శాంటా బార్బరాలో ఆటలకు, సంగీతానికి పిల్లల దగ్గర ఇరవై అయిదు డాలర్ల చొప్పున ఫీజు పెట్టారు. 1984లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. ఆటలు, సంగీతం కూడా చదువులో భాగమే, ఉచిత విద్య అంటే అవి కూడా ఉచితమే అన్నది. "పేదవారికి మాఫీ చేస్తున్నాం గదా" అన్న వాదన కూడా నిలవలేదు. పేదరికం రుజువు చేసుకుని అడుక్కోవలసిన దాన్ని హక్కు అనరు.

మరి మన దేశంలో చట్టం లేదా? ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బడికి ఏమేం ఉండాలో చెప్పిన పట్టికలో తరగతి గదులు, మంచినీరు, మరుగుదొడ్లతో పాటు ఆటస్థలం కూడా రాసి ఉంది. అదే చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవారు కావాలి. ఆ కమిటీ మీటింగు ఎప్పుడు జరుగుతుందో మనలో ఎందరికి తెలుసు? పిలవలేదని మనం ఊరుకున్నాం, రాలేదని వారు రాసుకున్నారు. ఈ తప్పులో మన వాటా కూడా ఉందని ఒప్పుకుంటున్నాం.

ఖాళీ నేల విలువ మిల్లు కార్మికునికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. బొంబాయి మిల్లు భూముల్లో మూడో వంతు ప్రజల ఖాళీ స్థలానికి, మూడో వంతు ఇళ్లకు అని 1991లో నియమం చేశారు. 2001లో దాన్ని మార్చి, షెడ్లు లేని ఖాళీ భాగానికే ఆ వాటాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పును నిలబెట్టింది. పార్కుల కోసం రాసిన నేల కరిగిపోయి, ఆ చోట అద్దాల మేడలు లేచాయి. ఒకసారి చేజారిన మైదానం మళ్లీ రాదు. ఇవాళ కంకర పోసిన చోట రేపు గోడ లేస్తుంది.

ఇంకొక మాట. మైదానం అడిగేది మన పిల్లలంతా ఛాంపియన్లు అవుతారని కాదు. లాంగ్ బీచ్‌లో కూడా వేలల్లో కొందరే అయ్యారు. మిల్లు దుమ్ము పీల్చి మన ఊపిరితిత్తులు ఎలా అయ్యాయో మనకు తెలుసు. మేము షిఫ్టు దిగి కబడ్డీ ఆడిన రోజుల్లో కూతకు దమ్ము ఉండేది, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. మన పిల్లల ఛాతీ అయినా నిండుగా పెరగాలి. ఆడపిల్లలు కూడా సంకోచం లేకుండా ఖోఖో ఆడాలి.

కాబట్టి ప్రతి కార్మికుడూ చేయవలసినవి మూడు. బడిలో పిల్లలున్న తల్లులూ తండ్రులూ వచ్చే కమిటీ మీటింగుకు షిఫ్టు మార్చుకుని అయినా హాజరు కండి. సామాను తీయించాలనే అర్జీ యూనియన్ ఆఫీసులో ఉంది, సంతకం పెట్టండి. మైదానం కొలతలు బడి రికార్డుల్లో ఎంత ఉన్నాయో నకలు అడగండి, యూనియన్ తోడుంటుంది.

బోనస్ కోసం గేటు ముందు కూర్చున్నవాళ్లం. పిల్లల మైదానం కోసం బడి ముందు కూర్చోవలసి వస్తే వెనుకాడం.