రెండు ఫ్రేముల సందున

ఫోటో మీద కవిత్వం రాసే జబ్బు మనకు బాగా ముదిరింది. సూర్యాస్తమయం, దాని కింద నాలుగు పాదాలు, ఆ పాదాల్లో మళ్లీ సూర్యుడే. బొమ్మ చెప్పేసిందే మాటా చెబితే ఇద్దరిలో ఒకరు దండగ. ఫిల్ము కెమెరాలు మెడలో వేసుకు తిరుగుతున్న కుర్రకారులో కొందరు చేస్తున్న పని నాకు అందుకే నచ్చింది. వాళ్లు ఫోటో కింద కవిత రాయరు. రెండు మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఇదే కవిత అంటారు.

ఇందులో సగం చాకిరీ హాఫ్ ఫ్రేమ్ కెమెరాయే చేసిపెడుతుంది. ఒలింపస్ కంపెనీలో యోషిహిసా మైతానీ రూపొందించగా 1959లో వచ్చిన ‘పెన్’ వీటిలో పేరుమోసింది. 36 బొమ్మల రీలులో ఇది 72 తీస్తుంది. అప్పట్లో అది పొదుపు. 2024లో పెంటాక్స్ కూడా ఇలాంటి కెమెరాను కొత్తగా తెచ్చింది. ల్యాబువాళ్లు చాలాసార్లు రెండేసి సగాలను కలిపి ఒకే బొమ్మగా స్కాన్ చేసి ఇస్తారు. జంటలు మనం కుదర్చకుండానే కుదిరిపోతాయి.

మొన్న ఒకమ్మాయి చూపించిన జంట చెబుతాను. ఎడమ పక్క, మూతపడ్డ సినిమా హాలు టికెట్ల కిటికీ. చెయ్యి పట్టేంత కన్నం, చేతులు రాసుకుని రాసుకుని నున్నబడ్డ సిమెంటు. కుడి పక్క, వాళ్ల అమ్మమ్మ చెవి. కమ్మ బరువుకు సాగిన తూటు ఉంది, కమ్మ లేదు. మధ్యలో సన్నటి నల్ల గీత. నెగటివ్ అంచున 11, 11ఎ అని అంకెలు. విడిగా చూస్తే రెండూ గొప్ప ఫోటోలేం కావు, చెవికైతే ఫోకస్ కూడా తప్పింది. పక్కపక్కన చేరేసరికి మాత్రం నేను చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు. ‘‘కింద ఏమైనా రాయమంటారా అండీ?’’ అంది. ‘‘వద్దమ్మా, చెడగొడతావు’’ అన్నాను.

ఫోన్లో తీసినవీ ఇలా అతికించొచ్చుగా అంటారు. అతికించొచ్చు. కానీ రీలు, కడిగించడం, స్కానింగ్ కలిపి వెయ్యి దాటుతున్నప్పుడు మీట మీద వేలు ఊరికే పడదు. పైగా తీసిన మొదటి సగాన్ని మళ్లీ చూసుకునే వీల్లేదు. దాన్ని మనసులో మోస్తూనే రెండోది వెతకాలి. ఎన్.గోపి నానీల లెక్కా ఇంచుమించు ఇదే. 20 నుంచి 25 అక్షరాలు, నాలుగు పాదాలు. మొదటి రెండింట్లో ఒక భావం, తర్వాతి రెండింట్లో ఇంకోటి. రెంటినీ కలిపే పని చదివేవాడిది.

మాట బొత్తిగా పనికిరాదని కాదు. క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’ అరగంటలోపు సినిమా, దాదాపు మొత్తం కదలని ఫోటోలే. వాటి వెంట వ్యాఖ్యానం నడుస్తుంటుంది. ఒక్కచోట, పడుకున్న స్త్రీ కళ్లు తెరిచేటప్పుడు, బొమ్మ నిజంగా కదులుతుంది. అక్కడ మార్కర్ వ్యాఖ్యాత నోరు మూయించి పక్షుల కూతలు వినిపిస్తాడు. మాట ఎక్కడ తప్పుకోవాలో తెలిసినవాడు మాట వాడుకుంటే నాకేం పేచీ లేదు.

నా పేచీ వేరేచోట ఉంది. స్కాన్లు ఫోనుకు రాగానే చాలామంది నెగటివులు ల్యాబులోనే వదిలేస్తున్నారు. ఫోన్లో బొమ్మల వరస మార్చెయ్యొచ్చు, నచ్చనివి తుడిచెయ్యొచ్చు. ఏ బొమ్మ తర్వాత ఏది తీశారో చెప్పే అసలు సాక్ష్యం నెగటివే. డబ్బులు కట్టారుగా, అడిగి తెచ్చుకోండి.

— చూపరి