ఆ బెల్టు తియ్యండి బాబూ!

అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందుల్లో, జావా, పైథాన్ నేర్పుతామనే బోర్డుల మధ్య ఇరుక్కుని ఓ జిమ్ము ఉంది. పొద్దున్నే 6 గంటలకి అక్కడికెళ్తాను. వచ్చేవాళ్ళలో సగం మంది నాలాగే కుర్చీకి అతుక్కుపోయి నడుం నొప్పి తెచ్చుకున్న సాఫ్ట్‌వేరు జీవులే. లోపలికి రాగానే బెల్టు బిగిస్తారు. ఎత్తేది 5 కేజీల డంబెల్! పంజాగుట్ట నుంచి వచ్చే ఒకాయనైతే ట్రెడ్‌మిల్లు మీద కూడా తియ్యడు.

"బెల్టు లేకపోతే నడుం పోతది అన్నా" అంటాడు ట్రైనరు. ఇదిగో, ఈ మాటతోనే నాకు పేచీ.

బెల్టు నడుముని మొయ్యదు. బరువెత్తేముందు గాలి పీల్చి పొట్ట బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, వెన్నెముకకి ఆసరా ఆ ఒత్తిడే. పొట్ట కండరాలు నెట్టడానికి ఓ గోడ ఇవ్వడమే బెల్టు పని. నెట్టడమే రానివాడికి గోడెందుకు? (ఊపిరి బిగబడితే బీపీ కూడా పెరుగుతుంది. "బీపీ ఉందా సార్" అని అడిగిన ట్రైనరు ఇంతవరకూ నాకు తగల్లేదు.)

అమెరికాలో 160 దుకాణాల్లో సరుకులు మోసేవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2000లో జామా పత్రికలో వచ్చింది. రోజూ బెల్టు కట్టినవాళ్ళకీ కట్టనివాళ్ళకీ నడుం నొప్పిలో తేడా కనపడలేదు. అది జిమ్ము కాదు, ఆ బెల్టూ వేరే రకం, ఒప్పుకుంటాను. కానీ కడితే చాలు నడుం భద్రం అనే నమ్మకం మాత్రం అదే కదా!

అలాగని బెల్టు దండగ అనట్లేదు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో 10 సెంటీమీటర్ల వెడల్పు దాకా అనుమతిస్తారు. మన శ్రీకాకుళం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్ లో 110, క్లీన్ అండ్ జెర్క్ లో 130 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ లెక్కలో ఎత్తేవాళ్ళు బెల్టు అడిగితే అర్థముంది. మనమెత్తేదెంతండీ?

నేనూ ఏడాది కట్టాను. ఓ రోజు బెల్టు మర్చిపోయి వెళ్ళి, రోజూ ఎత్తే 60 కేజీలే డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుం పట్టేసింది. వారం సెలవు. చూశావా, బెల్టు లేకే అన్నారంతా. కాదు, ఏడాదిపాటు ఒక్కసారీ పొట్ట బిగించడం నేర్చుకోకే!

మళ్ళీ 20 కేజీల ఖాళీ రాడ్డుతో మొదలెట్టాను. ట్రైనరు నవ్వాడు, నవ్వనీ. ఇప్పుడు 80 దాకా బెల్టు లేకుండానే లేపుతున్నా. బెల్టు పారెయ్యలేదు లెండి, బ్యాగులోనే ఉంది. 100 కి వెళ్ళిన రోజు తీస్తాను.